తాళపుచెవి ఎవరి చేత నున్నది?

మా ఊరి సాహిత్య సంఘము పదునైదేండ్లపాటు ఒక మాసపత్రికను నడపినది. 1996లో ఆరంభమై 2011లో ఆగిపోయిన ఆ పత్రిక సంచికల నుండి వ్యాసముల నేరి ఒక సంపుటముగా ప్రకటింపవలెనని గత సంవత్సరము కార్యవర్గము నిశ్చయించినది. అచ్చుప్రతులలో కొన్ని చెదలపాలైనవి. కొన్ని ఎరువు పోయి తిరిగి రాలేదు. ఐనను మాకు దిగులు కలుగలేదు. సంచికలన్నియు కంప్యూటరుపై కూర్చబడినవే. వాని ఫైళ్లు సీ.డీ.లలో భద్రముగా నున్నవి. బీరువాలోని ఆ సీ.డీ.లను తీసి, తెలిసిన యువకుడొకనిచే అతని కంప్యూటరులో పెట్టించి చూచితిమి. తెరపై తెలుగు కనబడలేదు. రోమను అక్షరములు, డాలరు గుర్తులు, తలపై చుక్కలుగల ఐరోపా భాషల అక్షరములు వరుసలు తీరి నిలిచినవి. ఒకప్పుడు మేము రాత్రులు మేల్కొని ప్రూఫులు దిద్దిన వ్యాసములే అవి. పుటలున్నవి, పేరాలున్నవి, చదువుటకు మాత్రము వీలులేదు.

కారణమును ఆ యువకుడే వివరించెను. ఆ దినములలో డి.టి.పి. పని చేయువారు ఏదో యొక తెలుగు ప్యాకేజీని కొని వాడెడివారు. ప్రతి అక్షరమునకును లోకమంతయు ఒప్పుకొనిన ఒక సంఖ్య నిచ్చు యూనికోడు పద్ధతిలో తెలుగునకు 1991లోనే స్థానము దొరకినను, అది అచ్చుకూర్పు పనివారి బల్లమీదికి చేరుటకు చాల కాలము పట్టినది. అందాక ఒక్కొక్క కంపెనీ తనకు తోచిన ఏర్పాటు చేసికొన్నది. ఇంగ్లీషు అక్షర ముండవలసిన గదిలో ఒకచోట తలకట్టును, ఒకచోట వట్రసుడిని, వేరొకచోట ఒత్తును కూర్చుండబెట్టినది. ఆ కంపెనీవారి ఫాంటు ఉన్నంతసేపు తెలుగు కనబడును. అది లేనినాడు గదులలోని అసలు కాపురస్థులు బయటపడుదురు. పైగా ఆ ప్యాకేజీ పనిచేయవలెనన్నచో కంప్యూటరు వెనుక 'లాకు' అని పిలువబడు చిన్న బిళ్ల గ్రుచ్చి యుండవలెను. మా పత్రికకు కూర్పు చేసిన దుకాణము మూతపడి చాల యేండ్లయినది. లాకు ఏమైనదో తెలియదు. ప్యాకేజీ అమ్మినవారికి జాబు వ్రాయగా, పాత రకమునకు ఇప్పుడు తాము బాధ్యులము కామనియు, కొత్తది కొనవలసినదనియు బదులు వచ్చినది.

ఆ జాబు చదివిననాడు సమావేశమున మా కోశాధికారి లేచి, "అధ్యక్షులవారూ, వ్యాసాలు మనమే రాసుకున్నాం, కూర్పుకూలి మనమే ఇచ్చాం, సీడీలు మనమే కొన్నాం. ఇప్పుడు మన పత్రిక మనం చదువుకోడానికి ఇంకొకరి సెలవు కావాలా?" అని అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నను పట్టుకొని నేను కొన్ని నెలలుగా చదివిన సంగతులను ఇక్కడ పాఠకులకు మనవి చేయుచున్నాను.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అను మాటకు వెల లేనిదనియు, కట్టు లేనిదనియు రెండర్థములు కలవు. 'ఫ్రీ సాఫ్ట్‌వేరు' అనువారు తాము రెండవ యర్థమునే ఉద్దేశించితిమని నలుబది యేండ్లుగా లోకమునకు వివరించుచునే యున్నారు. తెలుగునకు ఆ యిబ్బంది లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. సత్రములో భోజనము ఉచితమే. అంతమాత్రమున వంటయింటిపై మనకు అధికారము రాదు. ఈనాడు చేతి ఫోనులో వెల లేకుండ దొరకు ప్రోగ్రాములలో అనేకము సత్రపు భోజనము వంటివే.

ఈ యుద్యమమునకు మూలము ఒక ప్రింటరు. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజరు ప్రింటరు నిచ్చెను. అది మంచిదే కాని, కాగితము తరచుగా ఇరుకుకొనెడిది. అక్కడ పనిచేయు రిచర్డు స్టాల్‌మన్ అంతకుముందున్న ప్రింటరు ప్రోగ్రామును మార్చి, కాగిత మిరుకుకొనిన వెంటనే ముద్రణకై వేచియున్నవారి తెరపై ఆ సంగతి తెలియునట్లు చేసియుండెను. కొత్తదానికిని అట్లే చేయబోగా, దాని ప్రోగ్రాము మూలపాఠమును కంపెనీ ఇచ్చియుండలేదు. ఆ మూలపాఠము కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఒకరి యొద్ద నున్నదని విని, స్వయముగా పోయి అడిగెను. ఎవరికిని చూపనని మాట యిచ్చియుంటినని ఆయన నిరాకరించెను. స్టాల్‌మన్ ఆ నిరాకరణమును మరువలేదు. 1983 సెప్టెంబరు 27న, ఎవరైనను నడుపుకొనుటకు, లోపలి పాఠమును చదివి మార్చుకొనుటకు, ఇతరులకు పంచుటకు, మార్చినదానిని సైతము పంచుటకు స్వేచ్ఛగల ఒక సంపూర్ణ వ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. దానికి 'గ్నూ' అని పేరు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన 'లినక్సు' దానికి జతపడిన పిమ్మట, ఆ వ్యవస్థ కంప్యూటరును పూర్తిగా నడపగల స్థితికి వచ్చినది.

ఒక వ్యక్తికి ఇదంతయు అభిరుచికి సంబంధించినది కావచ్చును. సంస్థ సంగతి వేరు. గుమాస్తా పదవీ విరమణ చేయును, అధ్యక్షుడు మారును. కాగితము మాత్రము మిగులవలెను. జనన మరణముల రిజిస్టరును గాని, భూమి దస్తావేజును గాని వ్రాసినవాని తరువాత మూడు తరములవారు చదువవలసి యుండును. వానిని పట్టియుంచు పెట్టెకు తాళపుచెవి పరులయొద్ద నున్నచో నష్టము నేడు తెలియదు. మావలె ఇరువదేండ్లకు తెలియును. మాది చిన్న సంఘము, మా నష్టము చిన్నది. ఇదే చిక్కును ముందుగా పసికట్టి, దానినుండి బయటపడుటకు ఒక మహానగరము చేసిన ప్రయత్నము ఈ విషయమున అందరును తెలిసికొనదగిన కథ.

జర్మనీ దేశమున బవేరియా రాష్ట్రమునకు రాజధాని మ్యూనిక్. ఇరువదియొకటవ శతాబ్ది తొలి యేండ్లలో ఆ నగరపాలక సంస్థ కార్యాలయములందు దాదాపు 14,000 కంప్యూటర్లు మైక్రోసాఫ్టువారి విండోస్ ఎన్.టి. 4 అను వ్యవస్థపై నడచుచుండెను. ఆ రకమునకు ఇక మరమ్మతులు చేయబోమని కంపెనీ తెలిపెను. యంత్రములు చెడలేదు, గుమాస్తాల పని మారలేదు. ఐనను అన్నిటిని మార్చవలసిన గడువు వచ్చిపడినది. ఆ గడువు పెట్టినది నగరసభ కాదు. ఎట్లును మార్పు తప్పనప్పుడు, మరల ఇట్టి గడువు రానిచోటికే పోరాదా అను ఆలోచన పుట్టినది.

ఈ వార్త తెలిసి, నాటి మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బాల్మర్ స్విట్జర్లాండు మంచుకొండలపై తన విహారమును మధ్యలోనే ఆపి మ్యూనిక్ వచ్చి మేయరు క్రిస్టియన్ ఊడెను కలిసికొనెను. కంపెనీవారు ధరలో పెద్ద తగ్గింపు చూపిరి. పదునాలుగు వేల యంత్రముల బేరమునకై అంతటివాడు పరుగున రావలెనా యని మనకు తోచును. ఒక నగరము పోయినచో దాని వెనుక ఎన్ని నగరములు పోవునో అన్నదే ఆయన భయమై యుండును. 2003 మే 28న నగరసభ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పక్షమున ఓటు చేసినది. లినక్సు పేరును మ్యూనిక్ పేరును కలిపి ఆ ప్రణాళికకు 'లిమక్స్' అని నామకరణము చేసిరి. తక్కువ ధరను కాదని పోయిన ఈ యోటు వెలనుబట్టి చేసినది కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఓటు చేయుట ఒకదినపు పని. ఆచరణకు పదేండ్లు పట్టినది. 2004లో తుది ఆమోదము లభించెను. ఆ యేటనే పేటెంటు చిక్కులు రావచ్చునన్న భయముతో పని కొన్నాళ్లు నిలిచెను. మొదటి యంత్రములు 2006లో మారినవి. 2013 చివరకు 14,800 పైచిలుకు యంత్రములు మారినవని ప్రకటించిరి. ఇంత ఆలస్యమునకు లినక్సు కారణము కాదు. కార్యాలయపు కాగితములే కారణము. శాఖకొక సాంకేతిక విభాగము, విభాగమునకొక పద్ధతి. నోటీసులకు, అనుమతులకు, రసీదులకు వేలకొలది నమూనా పత్రములు, వానిలో పొదిగిన చిన్న చిన్న ప్రోగ్రాములు అనేకము. ఏ గుమాస్తా ఏ యవసరమునకు వ్రాసెనో, ఇప్పుడెవరు వాడుచున్నారో చెప్పగలవారు లేరు. వ్యవస్థను మార్చబోయిన నగరము మొదట తన యింటిలో ఏమున్నదో లెక్కపెట్టుకొనవలసివచ్చినది. మన తాలూకా కచేరీల పాత రికార్డు గదులు చూచినవారికి ఈ శ్రమ బాగుగ తెలియును.

ఆ పత్రముల నన్నిటిని ఒక త్రాటికి తెచ్చుటకై నగరపు ఉద్యోగులే ఒక ఉపకరణమును తయారుచేసిరి. దాని పేరు 'వోల్‌మక్స్'. ఉన్ని నిచ్చి, పాలిచ్చి, గ్రుడ్లు కూడ పెట్టు పందియొకటి జర్మనుల సామెతలలో నున్నది. ఆ పంది పేరే దీనికి పెట్టిరి. మన కామధేనువునకు దూరపు చుట్టమన్నమాట! 2008లో దానిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా లోకమున కిచ్చివేసిరి. పన్నుల ధనముతో తయారైన వస్తువును పన్ను కట్టినవారందరు వాడుకొనవచ్చునన్న న్యాయమునకు ఇది చక్కని యుదాహరణము. కోటి యూరోలకు పైగా మిగిలినదని నగరము లెక్క చూపెను. అది తప్పని చూపుచు మైక్రోసాఫ్టు పక్షమున హెచ్.పి. కంపెనీ వేరొక లెక్క తయారుచేసెను. ఈ రెండు లెక్కల తగవులోనికి నేను దిగను. ఏ వస్తువు వెలను ఎన్ని యేండ్లపై పంచవలెనన్న దానినిబట్టి ఎవరి లెక్క వారికి నిజమగుచుండును.

2014లో ఊడె పదవి విడిచెను. ఆయన పార్టీకే చెందిన డీటర్ రైటర్ మేయరయ్యెను. కొత్త పాలకులకు లిమక్స్‌పై మక్కువ లేదు. ఇతర కార్యాలయముల నుండి వచ్చు పత్రములు సరిగా తెరచుకొనుట లేదని, ఫోనులోని దినచర్య కార్యాలయపు దినచర్యతో కలియుట లేదని ఫిర్యాదులు వినవచ్చెను. 2016లో మైక్రోసాఫ్టువారి జర్మనీ ప్రధాన కార్యాలయము మ్యూనిక్ నగరములోనికి మారినది. ఈ రెంటికి సంబంధమున్నదని విమర్శకులు, లేదని అధికారులు వాదించిరి. నగరము నియమించిన సలహాదారులు ఇచ్చిన నివేదికలో, చిక్కులు ముఖ్యముగా వ్యవస్థీకరణములోనివనియు, పాతబడిన ప్రోగ్రాములను సకాలమున మార్చకపోవుట వలన కలిగినవనియు ఉన్నది. చివరకు చేసిన నిర్ణయము మాత్రము విండోసునకు తిరిగిపోవుట. 2017 నవంబరులో నగరసభ దాదాపు 5 కోట్ల యూరోల వ్యయముతో ఆ తీర్మానము చేసినది. రోగమొకటి, మందొకటి యైనది.

మ్యూనిక్ కథను చెప్పి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పనికిరాదనువారు కలరు. పదునాలుగు వేలమంది ఉద్యోగులు ఏండ్ల తరబడి దానిపై నగరపాలనము సాగించినారన్న మాటను వారు విడిచిపెట్టుదురు. నాకు తోచిన లోపము వేరు. మ్యూనిక్ ఒంటరిగా పోయినది. చుట్టుప్రక్కల రాష్ట్రము, కేంద్రము, వర్తకులు, పౌరులు అందరును పాత భాషలోనే ఉత్తరములు వ్రాయుచుండగా, ఒక్క నగరము కొత్త భాష నేర్చినది. ఇక రెండవది: స్వాతంత్ర్యమును ఒకసారి తెచ్చుకొని బీరువాలో పెట్టుకొందుమన్నచో అది నిలువదు. ప్రతి సంవత్సరము దానికి జీతగాండ్రు, శిక్షణము, మరమ్మతు కావలెను. ఈ వ్యయమును ముందుగా చెప్పక, ఉచితమని పిలిచి తెచ్చినవారే ఉద్యమమునకు ఎక్కువ చెరుపు చేసిరని నా యభిప్రాయము. 2020లో మ్యూనిక్‌లో ఏర్పడిన గ్రీను, సోషల్ డెమొక్రటిక్ పార్టీల సంకీర్ణము, వీలైనచోటనెల్ల మరల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే వాడుదుమని తన ఒప్పందములో వ్రాసికొన్నది.

అంతవరకు ఇది పొదుపు తగవుగా, పండితుల తగవుగా నుండెను. 2025లో దీని స్వరూపము మారినది. మారుటను మన దేశముననే చూచితిమి. గుజరాతులోని వాదినార్ వద్ద పెద్ద నూనెశుద్ధి కర్మాగారము నడుపు నయారా ఎనర్జీ అను భారతీయ కంపెనీలో రష్యా సంస్థయైన రోస్‌నెఫ్ట్‌నకు సగమునకు దగ్గరగా వాటా కలదు. ఆ సంవత్సరము జూలైలో ఐరోపా సమాఖ్య నయారాపై ఆంక్షలు విధించినది. కొలది దినములలో ఆ కంపెనీకి మైక్రోసాఫ్టు సేవలు ఆగిపోయెను. ఉద్యోగులకు ఈమెయిలు లేదు, తమ పత్రములు తమకు అందవు. భారతదేశమున గాని, మైక్రోసాఫ్టు స్వదేశమైన అమెరికాలో గాని అట్టి చట్టము లేదు. వెల ముందుగనే చెల్లించియున్నారు. నయారా ఢిల్లీ హైకోర్టు కెక్కినది. నెలాఖరునకు సేవలు తిరిగి వచ్చినవి. నయారా వ్యాపారము మంచిదా, రష్యా చేయునది న్యాయమా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. మన నేలపై, మన చట్టము ప్రకారము నడచు కర్మాగారపు బీరువాకు ఎక్కడనో తాళము పడినది; తీయించుకొనుటకు న్యాయస్థానమునకు పోవలసివచ్చినది.

ఇట్టి సందర్భమున, విదేశీయుని విడిచి స్వదేశపు కంపెనీని ఆశ్రయించిన చాలునని కొందరనుచున్నారు. అందులో కొంత నిజమున్నది. కనీసము మన న్యాయస్థానము పిలిచిన వచ్చును. కాని మా సంఘము పత్రికను బంధించిన ప్యాకేజీ అచ్చమైన స్వదేశపు సరుకే. యజమాని ఊరు మారినంత మాత్రమున తాళపుచెవి మన చేతికి రాదు.

జర్మనీలోనే ఉత్తరపు కొసనున్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము మ్యూనిక్ నేర్చిన పాఠమును చదివినట్లున్నది. 2024 ఏప్రిలులో, దాదాపు 30,000 మంది ఉద్యోగులు లిబ్రె ఆఫీస్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు మారుదురని ఆ ప్రభుత్వము ప్రకటించినది. ముందుగా వ్రాతపని, తరువాత ఈమెయిలు, ఆపిదప కంప్యూటరు నడుపు వ్యవస్థ: ఇట్లు మెట్లు మెట్లుగా పోవుట వారి పద్ధతి. 2025 అక్టోబరు నాటికి 40,000 పైచిలుకు ఈమెయిలు పెట్టెలు మారినవి. మార్పు నడుచుచుండగా ఉద్యోగులు ఇబ్బంది పడిరి, విసుగుకొనిరి. ఐనను ఈసారి ఒక నగరము కాదు, రాష్ట్రమంతయు కదలినది. ఫ్రాన్సులో జాందార్మరీ అను పోలీసు దళము ఇంకను ముందుగనే, 2005లో వ్రాతపని ప్రోగ్రామును, 2008 నుండి కంప్యూటరు వ్యవస్థనే మార్చుకొన్నది. వారు పెద్దగా చాటుకొనలేదు. అందువలననే కాబోలు వారిపై వచ్చిన తగవు తక్కువ.

మనకు దగ్గరలో కేరళము కలదు. అక్కడి పాఠశాలలలో కంప్యూటరు విద్యకై 2001లో 'ఐ.టి. ఎట్ స్కూల్' అను ప్రణాళిక ఆరంభమైనది. ఒక కంపెనీ సరుకునే పాఠముగా చెప్పుటను ఉపాధ్యాయ సంఘములు ఆక్షేపించెను. క్రమముగా పాఠములు, పరీక్షలు, పాఠశాలల కంప్యూటర్లు అన్నియు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు మారినవి. ఆ ప్రణాళికయే 2017లో 'కైట్' అను ప్రభుత్వ సంస్థగా మారి నేటికిని పనిచేయుచున్నది. దాని బలము ఉపాధ్యాయులలో నున్నది. కంపెనీ మనిషికై ఎదురుచూడక, బడిపంతులే తోటి పంతులుకు నేర్పెను; చెడినదానిని బాగుచేసికొనెను. మ్యూనిక్‌లో సాంకేతిక విభాగమునకు తక్కువైనదేదో అది కేరళపు బడులలో దొరకినది.

తెలుగుదేశమున అట్టి ప్రభుత్వ ప్రయత్నము అంత విస్తారముగా జరుగలేదు. కాని వట్టిచేతులతో లేము. హైదరాబాదు కేంద్రముగా 'స్వేచ్ఛ' అను సంస్థ తెలుగులో పలుకు లినక్సును తయారుచేసినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు 'పోతన' యూనికోడు ఫాంటును రూపొందించి వెల లేకుండ అందరికిని ఇచ్చిరి. మండలి, గిడుగు, గురజాడ, ధూర్జటి, సూరన్న, తిమ్మన మున్నగు పేర్లుగల ఫాంటులు, ఎవరైనను వాడుకొని మార్చుకొనవచ్చునన్న అనుమతిపత్రముతో లభించుచున్నవి. లాకు లేదు, బిళ్ల లేదు. రేపు ఆ ఫాంటు లేకపోయినను, యూనికోడులో కూర్చిన పుట వేరొక తెలుగు ఫాంటుతో తెలుగుగనే కనబడును.

ఇక మా సంఘము సంగతి. ఇంజనీరింగు చదువుచున్న మా ఊరి పిల్లలిద్దరు ఆ సీ.డీ.లను తీసికొనిపోయిరి. ఇట్టి పాత కూర్పులను యూనికోడునకు మార్చు ప్రోగ్రాము నొకదానిని సంపాదించిరి; అది మా ప్యాకేజీకి సరిగా అతుకలేదు. ఐతే దాని మూలపాఠము తెరచియుండుటచే, ఏ గుర్తు ఏ అక్షరమో తామే పట్టిక వేసి దానిలో చేర్చుకొనిరి. పట్టికకు ఆధారము మిగిలిన అచ్చుప్రతులు. నేనును, కోశాధికారియు ప్రక్కన కూర్చుండి అచ్చుపుటను చదివెడివారము. వారు తెరపై గుర్తును చూచుకొనెడివారు. 'కొమ్ము కాదండీ, కొమ్ముదీర్ఘం' అని మేమును, 'ఇది రెండు ముక్కలుగా వస్తోంది తాతగారూ' అని వారును. మూడు వారములకు మొదటి సంచిక తెలుగులో తెరచుకొన్నది. కోశాధికారి తాను 1996లో వ్రాసిన చందాదారుల విజ్ఞప్తిని గట్టిగా చదివి, అందులో ఒక అచ్చుతప్పును అప్పుడే పట్టుకొనెను.

ఇంతవరకు నూరుకు పైగా సంచికలు బయటపడినవి. ఇకముందు సంఘపు కాగితములన్నియు యూనికోడులోను, ఏ ప్రోగ్రాముతోనైనను తెరువవీలగు రూపములోను ఉంచవలెననియు, మూడు ప్రతులు మూడిండ్లలో భద్రపరచవలెననియు తీర్మానించితిమి. ఆ పిల్లలిద్దరికి ఏటేట కొంత పారితోషిక మీయవలెననికూడ మినిట్సులో వ్రాసితిమి; ఈ తీర్మానముపై మాత్రము చర్చ చాలసేపు నడచినది. 1999 సంచికలు కొన్నిటిలో కూర్పరి వేరొక ఫాంటు కలిపియుండెను. అందులో ఒకే గుర్తు రెండు వేరువేరు ఒత్తులకు సరిపోవుచున్నది. అచ్చుప్రతి లేనిదే ఏది సరియో చెప్పలేము. అట్టి చోట్ల అక్షరమును ఊహింపక, కుండలీకరణములు మాత్రముంచి వదలినాము.